నింగినుండి వచ్చు రేడియో తరంగములకు చిరునామా

రాత్రి కళ్ళమునొద్ద కావలి పండుకొన్న రైతునకు దూరమునుండి ఒక కేక వినవచ్చిన దనుకొనుడు. కేక వినబడినంత మాత్రమున అతనికి ప్రయోజనము లేదు. అది కాలువగట్టునుండి వచ్చినదా, తోటలోనుండి వచ్చినదా, రైలుకట్ట వైపునుండి వచ్చినదా యని తెలిసినప్పుడే గదా అతడు లేచి పోవలసిన దారి తెలియును! పిలుపు వేఱు, పిలిచిన చోటు వేఱు. నేటి ప్రసంగమున నేను మనవి చేయబూనినది ఈ రెండవదానిని గూర్చియే.

ఆకాశమునుండి రేడియో తరంగములు రేయింబవళ్ళు మనపై బడుచున్నవి. అవి వచ్చుచున్నవని తెలిసికొనుట కంటె, సరిగా ఏ చోటినుండి వచ్చుచున్నవో తెలిసికొనుట కష్టము. అందును నిడుపైన తరంగముల విషయమున ఆ కష్టము మఱింత యెక్కువ. దూరదూరముగా నిలిపిన దూరదర్శినులను ఒకదానితో నొకటి ముడివేసి శాస్త్రజ్ఞులు ఆ కష్టమును ఎట్లు దాటుచున్నారో చెప్పెదను.

ఈ తరంగముల సంగతి మొదట అనుకోకుండగనే బయటపడినది. అమెరికాలో కార్ల్ జాన్‌స్కీ యను యువకుడు, సముద్రము దాటి పోవు రేడియో టెలిఫోను సంభాషణలకు అడ్డువచ్చు గరగర యెక్కడిదో కనుగొను పనిలో నుండెను. చక్రములపై గుండ్రముగా తిరుగు 30 మీటర్ల పొడవుగల ఏరియలు నొకదానిని కట్టించి, 14.6 మీటర్ల నిడివిగల తరంగములను వినుచుండెను. ఉరుములవలన గలుగు గరగర గాక సన్నని బుస యొకటి అతనికి వినవచ్చెను. అది యెక్కువగు వేళ ప్రతిదినమును నాలుగేసి నిమిషములు ముందునకు జరుగుచుండెను. నక్షత్రములు దినమునకు నాలుగు నిమిషములు ముందుగా ఉదయించునని పంచాంగము చూచు పెద్దలకు తెలిసినదే. నక్షత్రములతో పాటు నడచు ధ్వని భూమిది కానేరదు, సూర్యునిదియు కానేరదు. అది పాలపుంతలో ధనూరాశి దిక్కునుండి వచ్చుచున్నదని జాన్‌స్కీ 1933లో ప్రకటించెను.

అయితే, ధనూరాశి దిక్కు అనుట చిరునామా యగునా? "కృష్ణ పడమటి డెల్టాలో నున్న సుబ్బయ్యగారికి" అని వ్రాసిన ఉత్తరమును తపాలా బంట్రోతు ఏ యింట నీయగలడు? వీధియు ఇంటి గుర్తును కావలెను.

ఆకాశమున వీధియు ఇల్లును చెప్పుటకు మన పంచాంగములలోని కొలతయే చాలును. ఒక అంశకు 60 కలలు. ఒక కలకు 60 వికలలు. నిండుచంద్రుని బింబము సుమారు 30 కలల వెడల్పు గలది. మంచి చూపుగల మనుష్యుని కన్ను ఒక కల యెడముగల చుక్కలను వేఱుగా చూడగలదు. వికల యనగా ఎంత? ఒక సెంటీమీటరు వెడల్పుగల కుంకుడుగింజను రెండు కిలోమీటర్ల దూరమున నుంచినచో అది మన కంటికి కట్టు కోణము ఒక వికల.

చూపు యొక్క వాడి రెంటిపై ఆధారపడును: తరంగపు నిడివి యెంత, దానిని పట్టు పాత్ర వెడల్పెంత యనునవి. వెలుగు తరంగము సెంటీమీటరులో ఇరువదివేలవ వంతు మాత్రమే. కావున మన కంటిపాప మిక్కిలి చిన్నదైనను చాలుచున్నది. రేడియో తరంగమట్లు కాదు. రెండు మీటర్ల తరంగమును 45 మీటర్ల వెడల్పుగల పళ్ళెముతో పట్టినను, ఆ పళ్ళెము మూడంశల మేరను ఒకే ముద్దగా చూచును. అనగా ఆరు చంద్రబింబములను ప్రక్కప్రక్కన పేర్చిన మేరలో ధ్వని యెచ్చట నున్నదో అది చెప్పజాలదు. మన కంటితో సమానమైన చూపు కావలెనన్న తెనాలి పట్టణమును కప్పివేయు ఏడు కిలోమీటర్ల పళ్ళెము కట్టవలెను. అది యెవరివల్ల నగును?

భగవంతుడు మనకు రెండు చెవుల నిచ్చియున్నాడు. కుడిప్రక్కనుండి వచ్చు కేక కుడిచెవికి ముందుగను, ఎడమచెవికి లవలేశము వెనుకగను చేరును. ఆ లవలేశమును బట్టియే మనస్సు దిక్కును తెలిసికొనుచున్నది. దూరదర్శినులకును ఇదే యుపాయము. రెంటిని ఎడముగా నుంచి, ఒకే తరంగము రెంటికిని చేరుటలో గల వెనుకబాటును కొలచినచో, అది వచ్చిన దిక్కు లెక్కకు వచ్చును. ఎడము పెరిగిన కొలది దిక్కు నిర్ణయము సూక్ష్మమగును. పళ్ళెము పెద్దది కానక్కఱలేదు. పళ్ళెముల నడుమ దూరము పెద్దదైనచో చాలును.

ఆస్ట్రేలియాలో సిడ్నీనొద్ద బోల్టన్, స్టాన్లీ, స్లీ యనువారు ఒకే ఏరియలుతో ఈ పని సాధించిరి. సముద్రపు టొడ్డున నిటారైన కొండకొమ్మున దానిని నిలిపిరి. ఆకాశమునుండి నేరుగా వచ్చిన తరంగమును, సముద్రముపై బడి అద్దమునుండి వలె మఱలి వచ్చిన తరంగమును కలసి రెండు చెవుల పని చేసినవి. వృషభరాశినుండి వచ్చు ధ్వని, 1054లో చీనా దేశస్థులు పగలు సయితము చూచిన నక్షత్ర విస్ఫోటనము మిగిల్చిన మేఘమునుండియే వచ్చుచున్నదని వారు 1949లో ప్రకటించిరి.

అంతకంటె గొప్ప సంగతి హంసమండలమునది. ఆకాశమున మిక్కిలి బిగ్గరగా వినవచ్చు ధ్వనులలో నొకటి అటనుండి వచ్చుచుండెను. అది దగ్గఱి నక్షత్రమో, దూరపు వస్తువో యెవ్వరికిని తెలియలేదు. ఇంగ్లండులో కేంబ్రిడ్జియందు గ్రాహం స్మిత్ 1951లో దాని స్థానమును ఒక కల వఱకు నిర్ణయించి, ఆ చిరునామాను అమెరికాలోని పాలమార్ కొండమీది పెద్ద దూరదర్శినివారికి పంపెను. బాడే, మింకోవ్‌స్కీ యనువారు దానిని సరిగా నచ్చటికి గురిపెట్టి చూడగా, మసక మసకగా ఒక నక్షత్ర మండలము కానవచ్చెను. దాని దూరము డెబ్బదికోట్ల కాంతి సంవత్సరములకు పైబడినది. అంత దూరపుది యింత బిగ్గరగా వినవచ్చుటకు అందెంత శక్తి యుండవలెను! ఒక్క కల వఱకు చోటు తెలియుటచే విశ్వమును గూర్చిన మన యెఱుకయే మాఱినది. ఆ చిరునామా తెలియకున్నచో ఆ ధ్వని నేటికిని పేరు లేని కేకగానే యుండెడిది.

ఇక మన దేశము మాట. హిందూపురము దాటి కన్నడదేశమున గౌరీబిదనూరు కలదు. అచ్చట భారత ఖభౌతిక శాస్త్ర సంస్థవారును, రామన్ పరిశోధన సంస్థవారును వేయి ఏరియళ్ళను ‘టీ’ యను ఆంగ్లాక్షరపు రూపమున నాటిరి. తూర్పుపడమరల బారు 1.4 కిలోమీటర్లు. దానిని నిర్మించుటలో ముఖ్యులు సి.హెచ్.వి. శాస్త్రిగారు. సుమారు 9 మీటర్ల నిడివిగల తరంగములతో అచ్చట రచించిన ఆకాశపటమును ద్వారకానాథ్, ఉదయశంకర్ అనువారు 1990లో ప్రకటించిరి. అంత పొడవైన బారు ఉన్నను, ఆ పటమున కానవచ్చు చిన్న మేర 26 కలలు. అనగా చంద్రబింబమున కించుక తక్కువ. నిడుపు తరంగము ఎంత మొండిదో దీనినిబట్టి గ్రహింపవచ్చును.

నీలగిరులలో ఉదకమండలమునొద్ద గోవిందస్వరూప్‌గారు మఱియొక యుపాయము పన్నిరి. 530 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పుగల దూరదర్శినిని కొండవాలున కట్టి 1970లో పని ప్రారంభించిరి. చంద్రుడు నడచుచు ఒక రేడియో మూలమును కప్పునపుడు ధ్వని చటుక్కున ఆగును. విడిచినపుడు మఱల వినబడును. గ్రహణమునకు పట్టు విడుపుల వేళలు గుర్తించినట్లు ఈ వేళలను గుర్తించినచో, చంద్రుని అంచు ఆ క్షణమున నెచ్చట నున్నదో తెలిసినదే కావున, మూలము స్థానము వికలల వఱకు తేలును. ఉపాయము చక్కనిదే, కాని చంద్రుడు తన బాట విడిచి పోడు. అతని బాటకు వెలుపల నున్న ఆకాశమంతయు మిగిలిపోవును. కావున ముడివేసిన దూరదర్శినులే శరణ్యమైనవి.

ఆ గోవిందస్వరూప్‌గారి యాధ్వర్యముననే టాటా మౌలిక పరిశోధన సంస్థవారు పూనాకు ఉత్తరమున నారాయణగాం చెంత ఖోడద్ గ్రామమునొద్ద ముప్పది దూరదర్శినులను నిర్మించిరి. ఒక్కొక్కటి 45 మీటర్ల వెడల్పు. పళ్ళెము రేకుతో గాక సన్నని తీగల వలతో చేయబడినది. నిడుపు తరంగములకు అది చాలును, గాలియు దానిగుండ పోవును. పదునాలుగు నడుమ గుంపుగా నున్నవి. తక్కినవి మూడు బారులుగా పరచుకొన్నవి. కొస కొసకు సుమారు 25 కిలోమీటర్లు. ముప్పదింటిలో రెండేసి చొప్పున జతపఱచినచో 435 జతల చెవులగును. అదిగాక భూమి తిరుగుచుండుటచే ఆ జతలును ఆకాశము క్రింద తిరుగుచుండును. కుమ్మరి రెండు వ్రేళ్ళే ఒత్తినను సారె తిరుగుటచే కుండ చుట్టును తీరినట్లు, కొన్ని దూరదర్శినులే యున్నను భూభ్రమణముచే పెద్ద పళ్ళెపు పని నెఱవేఱును. ఈ పద్ధతిని పెంపొందించిన మార్టిన్ రైల్‌గారికి 1974లో నోబెల్ బహుమాన మీయబడెను.

దీనిలోని సూక్ష్మత మనకు బోధపడుటకు మన ప్రాంతమునే తీసికొందము. తెనాలిలో నొకటి, బాపట్లలో నొకటి, రేపల్లెలో నొకటి దూరదర్శినులు నిలిపితిమని యూహింపుడు. ఇది ఊహ మాత్రమే. మోటార్లును, విద్యుత్తీగెలును దట్టముగానున్న డెల్టాలో ఆకాశపు సన్నని ధ్వని వినబడదు. తెనాలినుండి బాపట్లకును, బాపట్లనుండి రేపల్లెకును నేరుదూరము సుమారు నలువదేసి కిలోమీటర్లు. తెనాలినుండి రేపల్లెకు ముప్పదికి పైచిలుకు. నడినెత్తిమీది మూలము ఒక్క వికల ప్రక్కకు జరిగినచో, తెనాలికిని బాపట్లకును తరంగము చేరు దారులలో కలుగు భేదమెంత? జానెడునకు కొంచెము తక్కువ. నలువది కిలోమీటర్లలో జానెడు!

కావున మూడు నియమములు తప్పవు. మొదటిది, దూరదర్శినులు నిలిచిన చోట్లు జానెడులో చిన్న వంతు వఱకు తెలిసియుండవలెను. సర్వేరాయి కదలిన పొలమున గొలుసు ఎంత జాగ్రత్తగా లాగినను హద్దు తప్పునని పెద్దలెఱుగుదురు. రెండవది, అన్నింటికిని గడియార మొకటే కావలెను. జానెడు దూరము నడచుటకు వెలుతురునకు సెకనులో నూఱుకోట్లవ వంతైనను పట్టదు. గడియారములు అంతకంటె తక్కువ తేడాతో కలసియుండవలెను. ఖోడద్‌లో దూరదర్శినులన్నింటిని నడుమనున్న కార్యాలయముతో గాజుపోగుల తంతులచే కలిపియున్నారు. మూడవ నియమము అన్నింటికంటె కఠినమైనది. అది దారిని గూర్చినది.

రాత్రివేళ సిలోను మొదలగు దూరపు స్టేషనులు రేడియోలో వినబడుటయు, పగలు వినబడకపోవుటయు పెద్దలలో పలువురకు అనుభవము. భూమికి ఎనుబది కిలోమీటర్లు మొదలుకొని కొన్ని వందల కిలోమీటర్ల యెత్తు వఱకు, సూర్యుని అతినీలలోహిత కిరణములచేతను ఎక్స్-కిరణములచేతను విద్యుత్కణములుగా చీలిన గాలిపొర యొకటి కలదు. దానిని అయనావరణ మందురు. సిలోను తరంగమును మన యింటికి మఱల్చినది అదియే. ఆకాశమునుండి వచ్చు తరంగము దాని గుండ దూరి రావలెను. కాలువ నీటి యడుగున గులకరాయిని చూడుడు. అల కదలినపుడెల్ల రాయి కదలినట్లే తోచును. రాయి కదలలేదు, నీరు కదలినది. అట్లే అయనావరణమున అల లేచినపుడు నక్షత్రమే కదలినట్లు దూరదర్శిని మోసపోవును. తరంగము నిడివి రెట్టింపైనచో ఈ మోసము నాలుగురెట్లగును. రెండు మీటర్ల తరంగమునకు దారిలెక్క పగటివేళ వందలాది మీటర్లు తప్పును. ఆ తప్పు తెనాలిపైనను బాపట్లపైనను సమానమైనచో తీసివేతలో పోవును. జానెడు తేడా యున్నను వికల తప్పును.

ఈ పొర స్వభావమును మన యాంధ్రులు ముందుగనే పరిశోధించిరి. వాల్తేరున ఆంధ్ర విశ్వవిద్యాలయములో ఆచార్య బి. రామచంద్రరావుగారును వారి శిష్యులును, పైకి పంపిన తరంగము ఆ పొరను తగిలి తిరిగివచ్చునపుడు ఎడమెడముగా నిలిపిన మూడు ఏరియళ్ళతో పట్టుచుండిరి. తరంగపు హెచ్చుతగ్గులు ఒకచోటికంటె వేఱొకచోట ఎంత వెనుకగా వచ్చినవో కొలచి, ఆ పొర యే దిక్కునకు ఎంత వేగముతో కదలుచున్నదో నిర్ణయించిరి. మన దేశము దక్షిణపు కొనమీదుగా భూమి అయస్కాంత రేఖ పోవుటచే, మనపైనున్న పొర శీతల దేశములపై నున్నదానికంటె దట్టమైనది. సూర్యాస్తమయానంతరము అల్లకల్లోలమైనది కూడ. ఇచ్చట సాధింపబడిన సూక్ష్మత యెక్కువ గౌరవార్హమనుట అందువలననే.

అల్లకల్లోలమును ఆపలేము, కాని దానిని లెక్క కట్టవచ్చును. కరణములున్న దినములలో హద్దు తగాదా వచ్చినప్పుడు ఏమి చేసెడివారు? ఊరందఱు ఒప్పుకొన్న రాతినుండి కొలత మొదలుపెట్టెడివారు. ఆకాశమునను అట్టి రాళ్ళు కలవు. మిక్కిలి దూరముననుండి కదలనట్లే కానవచ్చు మూలములను, ఖండాంతరములలోని దూరదర్శినులచే కొలచి, ప్రపంచ జ్యోతిశ్శాస్త్రజ్ఞులు ఒడంబడిక చేసికొనియున్నారు. 2019 జనవరి 1 నుండి అమలులోనున్న పట్టికలో మూలస్తంభములవంటివి 303. తెలియని మూలమును చూచుటకు ముందును, తరువాతను తెలిసిన మూలమును చూతురు. దాని చోటు తెలిసినదే కావున అది ఎంత తప్పి కానవచ్చునో అంతయు యంత్రముల యొక్కయు దారి యొక్కయు తప్పు. ఆ తప్పును తక్కినవానినుండి తీసివేయుదురు.

ఇంతటితో చాలదు. మూడంశల మేరలో ఒక మూలనున్న అల మఱియొక మూలనుండదు. కావున ఆ మేరలోనే ప్రకాశముగా వినవచ్చు పలు మూలములను సాక్షులుగా నిలిపి, ఒక్కొక్కటి ఎటు జరిగినట్లు కానవచ్చుచున్నదో గుర్తించి, పైపొర రూపమును దుప్పటి పరచినట్లు గణకయంత్రములో చిత్రించి, దిక్కునకొక దిద్దుబాటు చేయుదురు. ఇంటెమా మొదలగువారు ఈ విధానమును ఖోడద్ దూరదర్శినులు 2010 నుండి 2012 వఱకు సేకరించిన రెండు మీటర్ల తరంగముల వినికిడికి ఉపయోగించిరి. ఆకాశమున పదింట తొమ్మిది పాళ్ళు కప్పు ఆ పట్టికను 2017లో ప్రకటించిరి. అందు 6 లక్షల 20 వేల మూలములు కలవు. వాని స్థానములలో తప్పు రెండు వికలలకు లోపు. ఒక్క పళ్ళెముతో ఆరు చంద్రబింబముల మేరలో తడవులాడిన చోట, ముడివేసిన ముప్పది పళ్ళెములు రెండు కుంకుడుగింజల వఱకు వచ్చినవి. హాలెండు కేంద్రముగా లోఫార్ అను దూరదర్శినీ సముదాయము కలదు. దాని శాఖలు ఐర్లండు మొదలు పోలండు వఱకు వ్యాపించినవి. దానితో 2022లో ప్రకటించిన పట్టికలో 44 లక్షల మూలములున్నవి. బాగుగ వినవచ్చువాని స్థానములు వికలలో అయిదవ వంతు వఱకు నిర్ణీతములు.

"ఆకాశమున నెచ్చటనున్న మనకేమి?" అని పెద్దలలో ఎవరైన అడిగినచో అది న్యాయమైన ప్రశ్నయే. రేపల్లెకు దిగువనున్న నిజాంపట్నము రేవునకు పోయి చూడుడు. సముద్రము మీదికి పోవు మరపడవలలో ఉపగ్రహముల తరంగములనుబట్టి తానున్న చోటు చెప్పు జి.పి.యస్. పెట్టె యుండును. ఆ తరంగములును ఈ పొర గుండనే దిగవలెను. మన ప్రాంతమున పొర దట్టమైన వేళ వాని దూరపులెక్క పది మీటర్లకు మించియు తప్పవచ్చును. దానికి మందు కూడ ఇదియే. చోటు తెలిసిన కేంద్రములను దేశమున పలుతావుల నిలిపి, అచ్చట కానవచ్చు తప్పును కొలచి, ఆ దిద్దుబాటును అందఱకును ఉపగ్రహము ద్వారా పంపుట. ఇస్రోయు, విమానాశ్రయముల ప్రాధికార సంస్థయు కలసి నెలకొల్పిన ‘గగన్’ ఏర్పాటు చేయు పని యిదియే. హంసమండలమునకు చిరునామా వ్రాసిన విద్యయు, విమానమునకు దిగు చోటు చూపు విద్యయు, పడవకు ఇంటిదారి చూపు విద్యయు తోబుట్టువులు.

పెద్దలారా, ఈ శాస్త్రము మనకు నేర్పు మాట పాతదే. ఇతరుల చోటు చెప్పబోవువాడు ముందు తానున్న చోటు నెఱుగవలెను. ఒంటరి చెవి చెప్పినది నమ్మరాదు. దూరముగా నున్నవారు ఒకే గడియారముతో విని, కలసి లెక్కచూచిన మాట నమ్మదగినది. దారిలోని మోసమును కాదనుటకంటె దానిని కొలచి తీసివేయుట మేలు. రేపు రాత్రి మీ మనుమలు ఆరుబయట పండుకొని చుక్కలను చూచునపుడు, వానిలో మన కంటికి కనబడని చుక్కలు లక్షలున్నవనియు, వానిలో అనేకములకు మన దేశపు పొలాల నడుమ నిలిచిన దూరదర్శినులు చిరునామా వ్రాసినవనియు వారికి చెప్పుడు.